ముద్ర నుండి సంకేతపదం వరకు: లాప్‌టాప్ తాళాల చారిత్రక పరిణామం – పాతపట్నం సరిహద్దు ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం

లాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకున్నామంటే అందులోని సమాచారమంతా భద్రంగా ఉన్నట్లేనన్న భావన విద్యావంతులలో కూడా బలంగా ఉంది. నిజానికి లాప్‌టాప్‌లో ఉన్నది ఒక్క తాళం కాదు. వేర్వేరు కాలాలలో వేర్వేరు భయాలకు సమాధానంగా పుట్టిన అనేక తాళాలు ఒకే యంత్రంలో చేరాయి. ఒక్కొక్కటి ఒక్కొక్కదానిని మాత్రమే కాపాడుతుంది. వీటి పుట్టుపూర్వోత్తరాలను కళింగసీమలోని తామ్రశాసన ముద్రల సంప్రదాయంతో పోల్చి పరిశీలించడం, శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం వంటి బహుభాషా సరిహద్దు ప్రాంతంలో పరిశోధన చేసేవారికి ఈ భేదజ్ఞానం ఎందుకు అవసరమో నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

ముఖ్యపదాలు: సంకేతపదం, రాజముద్ర, తామ్రశాసనం, గుప్తీకరణ, పునరుద్ధరణ సంఖ్య, పాతపట్నం, సవర భాష, తెలుగు యూనికోడ్.

1. ప్రవేశిక

పాతపట్నం ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల సరిహద్దులోని పట్టణం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు చేరింది, దానికి ఆనుకొని ఉన్న పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలోనే మిగిలింది. తెలుగు, ఒడియా, సవర భాషలు ఈ సీమలో కలిసి వినిపిస్తాయి. శాసనాలు, తాళపత్రాలు, మౌఖిక సాహిత్యం, గిరిజన భాషలు ఇక్కడి పరిశోధకులకు ముడిసరుకు. ఆ ముడిసరుకు నేడు నోటుపుస్తకాలలో కంటే లాప్‌టాప్‌లలోనే ఎక్కువగా చేరుతున్నది. సవర గాయకుని గొంతు, శాసనం ఛాయాచిత్రం, పూర్తికాని సిద్ధాంతగ్రంథం మూడూ ఒకే పెట్టెలో ఉంటున్నాయి. ఆ పెట్టె తాళాల గురించి తెలుసుకోవడం సాంకేతిక నిపుణులకు మాత్రమే వదలిపెట్టదగిన పని కాదు.

తాళం అనేది మూడు ప్రయోజనాలకు ఏర్పడుతుంది. మొదటిది ప్రవేశం: ఎవరిని లోనికి రానివ్వాలి? రెండవది అఖండత: లోపలి వస్తువును ఎవరైనా మార్చారా? మూడవది గోప్యత: వస్తువు పరుల చేతికి చిక్కినా వారికి అర్థం కాకుండా ఉంటుందా? ఒక ప్రయోజనానికి పుట్టిన తాళం మరొక ప్రయోజనాన్ని నెరవేరుస్తుందని నమ్మడం వల్లనే నష్టం కలుగుతుంది. ఈ మూడింటిని గీటురాళ్ళుగా తీసుకొని చరిత్రను పరిశీలిద్దాం.

2. కళింగసీమలో ముద్ర

పూర్వ గాంగుల రాజధాని కళింగనగరాన్ని నేటి శ్రీముఖలింగంగా చరిత్రకారులు గుర్తించారు. పర్లాకిమిడి, అచ్యుతపురం, శ్రీకాకుళం మొదలైన చోట్ల వారి తామ్రశాసనాలు లభించాయి. ఈ శాసనాల నిర్మాణాన్ని భద్రతా దృష్టితో గమనిస్తే ఆసక్తికరమైన విషయాలు తెలుస్తాయి. సాధారణంగా మూడు రాగిరేకులు ఉంటాయి. రాపిడికి అక్షరాలు చెరిగిపోకుండా మొదటి రేకు వెలుపలి వైపును ఖాళీగా విడిచిపెట్టేవారు. రేకులకు రంధ్రం చేసి, అందులో ఒక కడియం దూర్చి, ఆ కడియం కొసలను రాజముద్ర ఉన్న దిమ్మలో అతికేవారు. పూర్వ గాంగుల ముద్రలపై కూర్చున్న వృషభం బొమ్మ ప్రసిద్ధం.

ఈ ముద్ర రెండు పనులు చేసింది. దానం ఇచ్చినవాడు ఎవరో చెప్పింది. కడియాన్ని తెగగొట్టకుండా ఒక రేకును తీయడానికి గాని, కొత్త రేకును చేర్చడానికి గాని వీలులేకుండా చేసింది. అంటే గుర్తింపు, అఖండత రెండూ ఇందులో ఉన్నాయి. గోప్యత మాత్రం లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. శాసనం పదిమందీ చదవడానికే పుట్టింది. దానం పొందినవాని వారసులు, గ్రామపెద్దలు, రాబోయే రాజులు దానిని చూసి అంగీకరించాలి. రాజు ఇచ్చే దానపత్రం స్వముద్రాంకితంగా ఉండాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. కూటశాసనం సృష్టించినవానికి మనుస్మృతి మరణదండన చెప్పింది. శిక్ష అంత తీవ్రంగా ఉన్నదంటే మోసం కూడా అంత సాధారణంగా ఉండేదని ఊహించవచ్చు. దొంగశాసనాలను గుర్తించి వేరుచేయడం నేటికీ శాసనపరిశోధనలో ఒక ముఖ్యమైన భాగం.

ప్రవేశానికి సంబంధించిన ముద్ర మరొకటి ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో ముద్రాధ్యక్షుడనే అధికారి కనిపిస్తాడు. ఒక మాషకం రుసుము తీసుకొని ముద్ర ఇవ్వడం అతని పని. ముద్ర ఉన్నవారికే జనపదంలోనికి రావడానికి, వెలుపలికి పోవడానికి అనుమతి. ముద్ర లేకుండా కదిలిన జానపదునికి పన్నెండు పణాల జరిమానా. ఇక్కడ ముద్ర ఒక వస్తువు. అది ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిదే. పోగొట్టుకోవచ్చు, దొంగిలించవచ్చు, అరువు ఇవ్వవచ్చు. వస్తురూపమైన ప్రతి తాళంచెవికీ ఈ మూడు బలహీనతలు ఉంటాయి.

3. వస్తువు నుండి జ్ఞాపకానికి

చేతిలోని వస్తువుకు బదులుగా మనసులోని మాటను గుర్తుగా పెట్టుకోవడం సైనిక శిబిరాలలో పెరిగిన పద్ధతి. రోమన్ సైన్యంలో ప్రతి సాయంత్రం ఆ రాత్రికి చెల్లే సంకేతపదాన్ని చెక్కపలకపై రాసి దళం నుండి దళానికి పంపేవారని, ఆ పలకలు తిరిగి ట్రిబ్యూన్ అనే సైనికాధికారికి చేరాయో లేదో లెక్క చూసేవారని క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దపు చరిత్రకారుడు పోలిబియస్ వర్ణించాడు. ఆ మాట తెలిసినవాడు మనవాడు, తెలియనివాడు శత్రువు. ఇందులో వ్యక్తి గుర్తింపు లేదు, సమూహ సభ్యత్వం మాత్రమే ఉంది.

కంప్యూటరులో ఈ భావన అడుగుపెట్టింది అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో. ఫెర్నాండో కోర్బటో నేతృత్వంలో రూపొందిన సీటీఎస్‌ఎస్ అనే కాలవిభజన వ్యవస్థను 1961 నవంబరులో తొలిసారి ప్రదర్శించారు. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకోవలసి వచ్చింది, కాబట్టి ఎవరి దస్త్రాలు వారికి, ఎవరి గంటలు వారికి విడదీయడానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డ్ కేటాయించారు. ఆ ఏర్పాటు తరువాతి ఏడాదే దెబ్బతిన్నది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటల యంత్రకాలం కేటాయించారు. డాక్టరేటు పనికి అది చాలక, 1962లో అతడు పాస్‌వర్డ్‌ల దస్త్రాన్నే అచ్చువేయించుకొని ఇతరుల గంటలు వాడుకున్నాడు. 1966లో మరొక సంఘటన జరిగింది. రెండు తాత్కాలిక దస్త్రాలు ఒకే పేరుతో ఏర్పడి తారుమారు కావడంతో, యంత్రంలోకి ప్రవేశించిన ప్రతివారికీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డ్‌లూ దర్శనమిచ్చాయి.

ఈ రెండు సంఘటనలు ఒకే సత్యాన్ని చెప్పాయి. పాస్‌వర్డ్ వినియోగదారుని మనసులో ఎంత రహస్యంగా ఉన్నా, సరిచూడడానికి యంత్రం దానిని ఉన్నదున్నట్లు రాసి పెట్టుకున్నంతకాలం ప్రమాదమే. దీనికి పరిష్కారం కేంబ్రిడ్జిలో రోజర్ నీడ్‌హామ్ సూచించాడు. పాస్‌వర్డ్‌ను కాక, దానినుండి లెక్కించిన ఒక ఫలితాన్ని మాత్రమే భద్రపరచాలి. ఆ లెక్క ముందుకే తప్ప వెనక్కి నడవదు. పిండి నుండి తిరిగి ధాన్యపుగింజ రానట్లే, ఫలితం నుండి పాస్‌వర్డ్ తిరిగి రాదు. సాంకేతిక పరిభాషలో దీనిని హాష్ అంటారు.

యూనిక్స్ వ్యవస్థలో ఈ పద్ధతిని అభివృద్ధి చేసిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ప్రామాణికం. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 15 ఒకే అక్షరం ఉన్నవి, 72 రెండక్షరాలవి, 464 మూడక్షరాలవి. నిఘంటువులలో దొరికేవాటితో సహా మొత్తం 2,831, అంటే 86 శాతం, సులభంగా ఊహించదగినవిగా తేలాయి. ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఫలితాలు వేరుగా ఉండేలా లెక్కలో ఒక యాదృచ్ఛిక సంఖ్యను కలిపే పద్ధతిని కూడా వారు ప్రవేశపెట్టారు. దానికి వారు పెట్టిన పేరు సాల్ట్, అంటే ఉప్పు. యంత్రం తన వంతు భద్రతను పెంచుకున్నది, మనిషి జ్ఞాపకం మాత్రం అక్కడే ఆగింది. తరువాతి అర్ధశతాబ్దపు చరిత్ర అంతా ఈ అంతరం చుట్టూనే తిరిగింది.

4. లాప్‌టాప్‌లోని తాళాలు: వర్గీకరణ

4.1 ఆరంభ సంకేతపదం

1981లో వెలువడిన ఐబీఎం పీసీకి పాస్‌వర్డ్ లేదు. అది ఒక్కరి బల్లమీది యంత్రం, పంచుకొనేవారు లేరు. 1984లో వచ్చిన పీసీ ఏటీకి మాత్రం నిజమైన ఇనుప తాళంచెవి ఉండేది. అది మీటలపలకను స్తంభింపజేసి, పెట్టె మూతను బిగించేది. 1987 నాటి పీఎస్/2 శ్రేణిలో యంత్రాన్ని వెలిగించగానే అడిగే సంకేతపదం వచ్చింది. అది చిన్న బ్యాటరీతో నిలిచే స్మృతిలో ఉండేది. బ్యాటరీ తీస్తే సంకేతపదమూ చెరిగిపోయేది. లాప్‌టాప్‌లను ఎత్తుకుపోవడం తేలిక కనుక, తయారీదారులు దానిని విద్యుత్తు లేకున్నా నిలిచే చిప్పులోకి మార్చారు.

ఈ వర్గంలో రెండు రకాలు ఉన్నాయి. యంత్రం వెలగడానికి అవసరమైనది ఒకటి, బయోస్ లేదా యూఈఎఫ్ఐ అమరికలను మార్చడానికి అవసరమైన పర్యవేక్షక సంకేతపదం మరొకటి. కళాశాల ప్రయోగశాలలలో రెండవది నిర్వాహకుని వద్ద ఉంటుంది. ఇది ప్రవేశాన్ని మాత్రమే కాపాడే వీధిగుమ్మం. డిస్క్‌ను విప్పి మరొక యంత్రానికి తగిలిస్తే ఈ తాళం ఊసే ఉండదు. మరచిపోతే మాత్రం యజమానికే కష్టం. చాలా నమూనాలలో తయారీదారుని సేవాకేంద్రాన్ని ఆశ్రయించక తప్పదు.

4.2 హార్డ్‌డిస్క్ సంకేతపదం

డిస్క్‌ను విప్పి తీసుకుపోతారన్న భయానికి సమాధానంగా పుట్టినది ఇది. 1997 నాటి ఏటీఏ-3 ప్రమాణంలో దీనికి స్థానం లభించింది. తాళం యంత్రంలో కాక డిస్క్‌లోని నియంత్రణ భాగంలోనే ఉంటుంది, కాబట్టి మరొక యంత్రానికి తగిలించినా డిస్క్ పలకదు. ఐదు తప్పు ప్రయత్నాలు జరిగితే విద్యుత్తు ఆపి మళ్ళీ వెలిగించేవరకు ఇంకొక ప్రయత్నానికి అవకాశం ఇవ్వదు. ఇందులో వినియోగదారునిది, యజమానిది అని రెండు సంకేతపదాలుంటాయి. గరిష్ఠ స్థాయి భద్రతను ఎంచుకుంటే యజమాని సంకేతపదంతో కూడా డిస్క్‌ను తుడిచివేయగలమే గాని చదవలేం. అయితే పాత డిస్క్‌లలో సమాచారం గుప్తీకరణ చెందదు, తలుపు మాత్రమే మూసుకుంటుంది.

4.3 ఆపరేటింగ్ సిస్టమ్ సంకేతపదం

లాప్‌టాప్ పాస్‌వర్డ్ అనగానే అందరికీ గుర్తుకువచ్చేది ఇదే. దీని వంశవృక్షం నేరుగా సీటీఎస్‌ఎస్, యూనిక్స్‌లకు చెందినది. పంచుకొనే యంత్రం కోసం పుట్టిన ఏర్పాటు, సొంత యంత్రంలోకి వారసత్వంగా వచ్చింది. విండోస్ 95లో ప్రవేశపు గడి ఎదురైనప్పుడు ఎస్కేప్ మీట నొక్కితే చాలు, తెర తెరుచుకునేది. అది భద్రత కోసం కాదు, ఒక్కొక్కరి ఇష్టాలకు తగిన అమరికలను గుర్తుంచుకోవడానికి ఉద్దేశించినది. అసలైన ప్రవేశనియంత్రణ 1993 నాటి విండోస్ ఎన్‌టీతో వచ్చింది. అందులోనూ పాత వ్యవస్థలతో పొంతన కోసం నిలుపుకున్న ఎల్ఎం పద్ధతి పెద్ద లోపం. అది పాస్‌వర్డ్‌లోని అక్షరాలన్నింటినీ పెద్దబడిలోకి మార్చి, పద్నాలుగింటిని ఏడేసి చొప్పున రెండు ముక్కలు చేసేది. దుండగుడు పద్నాలుగక్షరాల తాళాన్ని కాక, ఏడక్షరాల తాళాలు రెండింటిని విడివిడిగా విప్పితే సరిపోయేది. 2012 నాటి విండోస్ 8 నుండి ఈ సంకేతపదం అంతర్జాలంలోని ఖాతాతో ముడిపడింది.

ఇది ఇంటిలోపలి గది గడియ. యంత్రం ఎదుట కూర్చున్నవానిని అడ్డుకుంటుంది. గుప్తీకరణ లేని డిస్క్‌ను విప్పి మరొక యంత్రంలో పెడితే, ఈ గడియ ఎంత బలమైనదైనా లోపలి దస్త్రాలన్నీ చదవవచ్చు. సిద్ధాంతగ్రంథానికి రక్షణ అని మనం నమ్ముతున్నది చాలా సందర్భాలలో ఈ గడియను మాత్రమే.

4.4 గుప్తీకరణ సంకేతపదం, పునరుద్ధరణ సంఖ్య

గోప్యతను నిజంగా కాపాడేది ఇదొక్కటే. డిస్క్‌లోని ప్రతి అక్షరాన్నీ గుప్తీకరించి రాయడం దీని పద్ధతి. భోషాణానికి తాళం వేయడం వేరు, లోపలి పత్రాన్నే ఇతరులకు అర్థంకాని లిపిలో రాసుకోవడం వేరు. ఆపిల్ సంస్థ 2003లో ఫైల్‌వాల్ట్‌ను, మైక్రోసాఫ్ట్ 2007లో విస్టాతో బిట్‌లాకర్‌ను తీసుకొనివచ్చాయి. లినక్స్‌లో లక్స్ అనే ఏర్పాటు ఉంది.

బిట్‌లాకర్ తన రహస్య సంఖ్యను టీపీఎం అనే చిప్పులో భద్రపరుస్తుంది. యంత్రం ఎప్పటిలాగే మేల్కొంటే చిప్పు ఆ సంఖ్యను విడుదల చేస్తుంది. మదర్‌బోర్డు మారినా, ఫర్మ్‌వేర్ అమరికలు మారినా అనుమానించి 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను అడుగుతుంది. 2024లో విడుదలైన విండోస్ 11 24హెచ్2 రూపంలో, కొత్తగా స్థాపించినప్పుడు గుప్తీకరణ మునుపటికంటే ఎక్కువ యంత్రాలలో దానంతట అదే మొదలయ్యే ఏర్పాటు చేశారు. అంటే, తాను వేయని తాళానికి తాను చూడని తాళంచెవి ఉన్న స్థితిలో వినియోగదారుడు ఉండవచ్చు. ఆ 48 అంకెలు సాధారణంగా అతని మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటాయి. ఆ ఖాతా ఏ ఫోన్ నంబరుతో, ఎవరు తెరిచారో గుర్తులేకపోతే డిస్క్ చేతిలో ఉన్నా అందులోని పరిశోధన చేతికి అందదు. దొంగను ఆపగల ఒకేఒక తాళం యజమానినీ అంతే నిష్పక్షపాతంగా ఆపుతుంది.

4.5 పిన్, వేలిముద్ర, పాస్‌కీ

ఐబీఎం 2004లో థింక్‌ప్యాడ్ టీ42 నమూనాలో వేలిముద్ర గ్రాహకాన్ని అమర్చింది. 2015లో విండోస్ 10తో వచ్చిన విండోస్ హలో ముఖాన్ని, వేలిముద్రను, పిన్‌ను ప్రవేశసాధనాలుగా ప్రచారంలోకి తెచ్చింది. ఆరంకెల పిన్‌కు పది లక్షల అవకాశాలు మాత్రమే ఉంటాయి. ఎనిమిది చిన్నబడి ఆంగ్లాక్షరాల పాస్‌వర్డ్‌కు సుమారు 20,882 కోట్ల అవకాశాలు ఉంటాయి. అయినా పిన్ సురక్షితమనడానికి కారణం, అది ఆ ఒక్క యంత్రానికే పరిమితం కావడం, తప్పు ప్రయత్నాలను చిప్పు లెక్కించి ఆపడం. పాస్‌వర్డ్ దొంగిలించినవాడు ప్రపంచంలో ఎక్కడినుండైనా ఖాతాను తెరవవచ్చు. పిన్ తెలిసినవానికి యంత్రం కూడా చేతిలో ఉండాలి. 2022 మేలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రోత్సహించిన పాస్‌కీ ఇదే మార్గంలో మరొక అడుగు. మనసులోని మాట మళ్ళీ చేతిలోని వస్తువుగా మారింది. కౌటిల్యుని ముద్ర చుట్టూ తిరిగి వెనక్కి వచ్చింది. దాని మూడు బలహీనతలూ దానితోపాటే వచ్చాయి.

5. నాలుగు లిపుల సీమలో ఒకే లిపి సంకేతపదం

పాతపట్నం పరిసరాలలో తెలుగు, ఒడియా, రోమన్ లిపులతో పాటు సవరభాషకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి కూడా ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుండి, సొరంగ్ సొంపెంగ్‌కు 2012 నుండి స్థానం ఉంది. అయినా ఈ ప్రాంతవాసి తన యంత్రంలోకి ప్రవేశించే మాటను రోమన్ లిపిలోనే రాయవలసి వస్తున్నది. దీనికి చారిత్రక, సాంకేతిక కారణాలు ఉన్నాయి.

ఆరంభ దశలో తెలుగు మీటలపలక ఇంకా మేల్కొనదు. ఆ స్థితిలో యంత్రానికి తెలిసింది అమెరికా ఆంగ్ల మీటల అమరిక మాత్రమే. రెండవ కారణం తెలుగు అక్షరనిర్మాణంలో ఉంది. ‘పాతపట్నం’ మనకు నాలుగక్షరాలు. యూనికోడ్‌లో అది ఎనిమిది సంకేతాలు, యూటీఎఫ్-8 రూపంలో ఇరవైనాలుగు బైట్లు. 1999లో రూపొంది నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్న బీక్రిప్ట్ హాష్ పద్ధతి డెబ్బయిరెండు బైట్ల వరకే చూస్తుంది. రోమన్ లిపిలో అది డెబ్బయిరెండు అక్షరాలు, తెలుగులో ఇరవైనాలుగు సంకేతాలు మాత్రమే. ‘పాతపట్నం’ అని మూడుసార్లు రాయగానే హద్దు వచ్చేస్తుంది. మూడవది మరింత సూక్ష్మమైనది. ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. హాష్ లెక్కలో మాత్రం రెండు వేర్వేరు మాటలు. వీటిని ముందుగా ఏకరూపానికి తెచ్చే నియమాన్ని 2017 నాటి అంతర్జాల ప్రమాణం సూచించింది, అయినా ప్రతి వ్యవస్థా దానిని పాటిస్తుందన్న హామీ లేదు.

ఫలితంగా మాతృభాషలో గుర్తుంచుకొనే సామర్థ్యం పాస్‌వర్డ్‌కు ఉపయోగపడడం లేదు. రోమన్ లిపి అలవాటు లేనివారు పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం వంటి తేలికైన కూర్పును ఎంచుకుంటారు, లేదా మరొకరితో రాయించుకుంటారు. 1979లో మోరిస్, థాంప్సన్ గమనించిన బలహీనత ఇక్కడ భాషాసమస్యగా రూపం మార్చుకున్నది. తెలుగు సామెతను గాని, ఇంట్లో వాడే నాలుగైదు మాటలను గాని రోమన్ లిపిలో సొంత పద్ధతిలో కూర్చుకొని పొడవైన పదబంధంగా వాడుకోవడం ఆచరణీయమైన మార్గం. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2017లో సవరించిన మార్గదర్శకాలు కూడా నిడివికే ప్రాధాన్యం ఇచ్చి, తరచుగా పాస్‌వర్డ్ మార్చాలన్న పాత నియమాన్ని వదలుకున్నాయి.

6. సరిహద్దు, చట్టం, నేటి ముద్ర

2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చింది. 2018 ఏప్రిల్ 1 నుండి యాభైవేల రూపాయలు మించిన సరుకు రాష్ట్రం దాటాలంటే సాధారణంగా ఎలక్ట్రానిక్ వే బిల్లు అవసరం. సరిహద్దు దగ్గర కాగితంపై పడే ముద్ర స్థానంలో, దుకాణంలోని కంప్యూటరులో వాడుకరిపేరుతో, పాస్‌వర్డ్‌తో తెరుచుకొనే ఖాతా వచ్చింది. పాతపట్నం వర్తకుడు పర్లాకిమిడికి సరుకు పంపేటప్పుడు అతని పాస్‌వర్డే ముద్రాధ్యక్షుని ముద్ర.

అఖండతను కాపాడే రాజముద్రకు నేటి వారసుడు డిజిటల్ సంతకం. 2011 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన మీసేవ ద్వారా వెలువడే ధ్రువపత్రాలకు అధికారి డిజిటల్ సంతకమే ఆధారం. పత్రంలో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. కడియాన్ని తెగగొట్టకుండా రేకును మార్చలేకపోవడం వంటిదే ఇది. సంతకపు సాధనాన్ని, దాని పిన్‌ను సహాయకుని చేతికి ఇవ్వడమంటే ముద్రాంగుళీయకాన్ని ఇతరుల వేలికి తొడగడమే.

చట్టం కూడా ఈ మార్పును గుర్తించింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టానికి 2008లో జరిగిన సవరణ 2009 అక్టోబరు 27 నుండి అమలులోకి వచ్చింది. అందులోని 66సీ విభాగం ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకాన్ని, పాస్‌వర్డ్‌ను, మరే విశిష్ట గుర్తింపునైనా మోసపూరితంగా వాడడాన్ని నేరంగా ప్రకటించింది. మూడేళ్ళ వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. మనుస్మృతి నాటి కూటశాసన నేరానికి ఇది ఆధునిక రూపాంతరం.

7. తుపాను పరీక్ష

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో విద్యుత్ స్తంభాలు పెద్దసంఖ్యలో కూలిపోయాయి, చరవాణి సంబంధాలు దెబ్బతిన్నాయి. ఇటువంటి ప్రకృతి వైపరీత్యాలు తరచుగా ఎదురయ్యే ప్రాంతంలో పాస్‌వర్డ్ పునరుద్ధరణ మొత్తం చరవాణికి వచ్చే సంఖ్యపైన, అంతర్జాలంలోని ఖాతాపైన ఆధారపడడం ఆలోచించదగిన విషయం. యంత్రం తడిసి మరమ్మతుకు వెళ్ళి, భాగాలు మారి వస్తే బిట్‌లాకర్ 48 అంకెలను అడిగే అవకాశం ఉన్నది సరిగ్గా అప్పుడే. కాగితంపై రాసి, యంత్రానికి దూరంగా, ఇంట్లో దస్తావేజులు దాచేచోట పెట్టుకున్న సంఖ్యకు సంకేతాలతో పనిలేదు. పాస్‌వర్డ్‌ను ఎక్కడా రాయకూడదన్న సూత్రం పునరుద్ధరణ సంఖ్యకు వర్తించదు. రెండింటి ప్రయోజనాలు వేరు.

8. పరిశోధకుని బాధ్యత

శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉంటూ శాసనలిపులను స్వయంకృషితో నేర్చుకున్నాడు, సవరభాషను దశాబ్దాలపాటు అధ్యయనం చేశాడు. ఆ శ్రమ 1931లో సవరభాషా వ్యాకరణ గ్రంథంగా, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగా వెలువడింది. ఆయన సామగ్రి కాగితంపై ఉండేది. తెరిచి చూడగలవారు చదవగలిగేవారు. నేడు అదే ప్రాంతంలో అదే భాషపై సేకరించే ధ్వనిముద్రణలు గుప్తీకరణ చెందిన డిస్క్‌లో ఉన్నప్పుడు, సంఖ్య తెలిసిన ఒక్కరు మరచిపోయినా, మరణించినా ఆ సేకరణ మొత్తం మూగబోతుంది.

ఇంకొక వైపు, గుప్తీకరణ లేకుండా యంత్రం పోయినట్లయితే నష్టపడేది పరిశోధకుడు మాత్రమే కాదు. తన కుటుంబ విషయాలు, భూమి తగాదాలు, ఆచార రహస్యాలు నమ్మి చెప్పిన గ్రామీణుని మాట అపరిచితుల చేతిలో పడుతుంది. ఆ మాటను కాపాడడం సమాచారదాతకు మనం ఇచ్చిన వాగ్దానంలో భాగం. కనుక గోప్యతను, కొనసాగింపును రెండింటినీ సమకూర్చుకోవాలి. డిస్క్‌ను గుప్తీకరించాలి. పునరుద్ధరణ సంఖ్యను కాగితంపై రెండుచోట్ల ఉంచి, ఒకదానిని కుటుంబంలో గాని విభాగంలో గాని విశ్వసనీయులకు తెలియజేయాలి. సేకరణకు మరొక ప్రతిని వేరే చోట భద్రపరచాలి.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. లాప్‌టాప్‌లోని ఒక్కొక్క సంకేతపదం ఒక్కొక్క చారిత్రక భయానికి సమాధానం. ఆరంభ సంకేతపదం, ఆపరేటింగ్ సిస్టమ్ సంకేతపదం ప్రవేశాన్ని కాపాడతాయి. హార్డ్‌డిస్క్ సంకేతపదం విప్పి తీసుకుపోయిన డిస్క్‌కు అడ్డుగడియ వేస్తుంది. గోప్యతను కాపాడేది గుప్తీకరణ, అఖండతను నిరూపించేది డిజిటల్ సంతకం.

2. తామ్రశాసన ముద్రకు నిజమైన వారసుడు పాస్‌వర్డ్ కాదు, డిజిటల్ సంతకం. పాస్‌వర్డ్‌కు పూర్వరూపాలు ముద్రాధ్యక్షుని ముద్ర, శిబిరపు సంకేతపదం.

3. నిత్యం టైపుచేసే పాస్‌వర్డ్ పరిశోధన సామగ్రికి పూర్తి రక్షణ కాదు. రక్షణ ఇచ్చే గుప్తీకరణకు చెందిన 48 అంకెలను చాలామంది ఒక్కసారైనా చూసి ఉండరు.

4. తెలుగు, సవర లిపులకు యూనికోడ్‌లో స్థానం దక్కినా సంకేతపదం గడిలో ఇంకా దక్కలేదు. ఈ అంశంపై భాషాశాస్త్ర, కంప్యూటర్ విభాగాల ఉమ్మడి పరిశోధన అవసరం.

కళింగ రాజులు రాగిరేకుపై వేసిన ముద్రను పదమూడు శతాబ్దాల తరువాత కూడా మనం చదవగలుగుతున్నాం. చదవడానికి వారు అడ్డు పెట్టలేదు కనుక అది సాధ్యమైంది. నేటి పరిశోధకుడు కొంత సామగ్రిని దాచక తప్పదు. దాచినదాన్ని తరువాతి తరానికి అందించే దారిని కూడా అతడే ఏర్పరచిపోవాలి.